గరిటె తగలని పులుసు

కాకినాడలో రేవు వైపు పోయే దారిలో ఒక మెస్సు ఉంది. పేరు చెప్పను. ఉన్నవి ఎనిమిది బల్లలు. చెబితే నాకు చోటు దొరకదు. బయట బోర్డు వెలిసిపోయి ‘భోజనం’ అన్న మాట ఒక్కటే మిగిలింది. లోపల నాలుగు ఫ్యాన్లు, వాటిలో తిరిగేవి మూడు. వంటగదికీ బల్లలకీ మధ్య నడుమెత్తు గోడ అడ్డం. ఆ గోడ పక్క బల్ల దగ్గర కూర్చుంటే పొయ్యి కనబడుతుంది. ఎప్పుడు వెళ్ళినా నేను ఆ బల్ల కోసమే కాచుకుంటాను.

మొదటిసారి వెళ్ళిన రోజు నా విస్తట్లోకి ఒక శీలావతి ముక్క వచ్చింది. పొట్ట దగ్గరి ముక్క. కోసిన అంచులు కోసినట్టే ఉన్నాయి. తోలు ఎక్కడా చిట్లలేదు. ఉడికిందా లేదా అని అనుమానం వచ్చేంత నిండుగా కూర్చుంది. వేలు ఆనించానో లేదో, రేకులు రేకులుగా విడిపోయింది. లోపలిదాకా పులుపు, లోపలిదాకా ఉప్పు. ఇంత మెత్తబడిన ముక్క పొయ్యి మీంచి విస్తట్లోకి విరక్కుండా ఎలా వచ్చిందని గోడ మీంచి అడిగాను. పొయ్యి దగ్గరున్న అక్క తల తిప్పకుండానే జవాబిచ్చింది: “గరిటె పెట్టలేదండి.”

ఈ మాట మన ఇళ్ళకి కొత్తది కాదు. చేపల కూరలో గరిటె పెట్టకూడదని అమ్మలు, అమ్మమ్మలు చెబుతూనే ఉంటారు. కానీ ఆ ఒక్క ‘కూడదు’ వెనక ఎంత పని ఉందో ఆ గోడ పక్క నాలుగైదేళ్ళు కూర్చుంటేగాని నాకు తెలియలేదు. మేకమాంసం వండేవాళ్ళ బలం కలియబెట్టడంలో ఉంటుంది. చేప వండేవాళ్ళ బలం చెయ్యి ఆపుకోవడంలో ఉంటుంది. ఎక్కడ తాకాలి, ఎక్కడ తాకకూడదు, ఎంతసేపు ఊరుకోవాలి అన్నది తెలిసిన చెయ్యి అది. రేవు నుంచి విస్తరి దాకా ఆ చేతి వెంట ఒకసారి నడిచి చూద్దాం.

రేవు

అక్కకి తెల్లవారకముందే రోజు మొదలవుతుంది. పడవలు ఒడ్డుకు చేరే వేళకి కుంభాభిషేకం రేవులో ఉంటుంది. కాకినాడ తీరం తీరే వేరు. గోదావరి మోసుకొచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ అడ్డంగా నిలబడి అలల ఉధృతం నుంచి ఇక్కడి అఖాతాన్ని కాస్తుంది. దక్షిణాన కోరింగ మడ అడవులు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ అడవి పాయల్లోనే రొయ్య పిల్లలు, పీత పిల్లలు, ఎన్నో రకాల చేప పిల్లలు పెరిగి సముద్రంలోకి పోతాయి. అందుకే ఇక్కడి గంపల్లో అన్ని నీళ్ళ చేపలూ పక్కపక్కనే కనిపిస్తాయి. కోనాం, చందువ, కానాగంత సముద్రానివి. మిగతా చోట్ల వంజరం అనేదాన్నే ఇక్కడ కోనాం అంటారు. పండుగప్ప ఉప్పునీటినీ, మంచినీటినీ రెంటినీ ఎరిగినది. శీలావతి, బొచ్చె చెరువుల నుంచి వస్తాయి.

అక్క ఏ చేపనూ ముందే అనుకుని వెళ్ళదు. గంపల మధ్య నడుస్తూ మొప్ప ఎత్తి చూస్తుంది. ఎర్రగా, తడిగా ఉంటే నిలబడుతుంది. మట్టిరంగుకి తిరిగి ఉంటే మాట్లాడకుండా ముందుకు పోతుంది. కన్ను ఉబ్బి నిగనిగలాడాలి. గుంటపడినా, పాలు పోసినట్టు మసకేసినా లాభం లేదు. వీపు మీద బొటనవేలితో ఒక్కసారి నొక్కుతుంది. పడిన గుంట అప్పటికప్పుడే పూడిపోవాలి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడగా నేనెప్పుడూ చూడలేదు. ఎందుకని అడిగితే, “వాసన దాకా వచ్చాక ఇంక చూడ్డానికేముందండి” అంది.

అలా కొన్నదే ఆనాటి కూర. అందుకే ఆ మెస్సులో మెనూ కార్డు లేదు. “ఏముందక్కా?” అని అడగాలి. ఆమె చెప్పే జవాబు ఒక్కో నెలా ఒక్కోలా ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవల వేట ఆపేస్తారు. ఆ రెండు నెలలూ “సముద్రం చేప లేదండి” అని మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. చెరువు చేప పులుసు పెడుతుంది. మామిడికాయ వేసి ఎండు నెత్తళ్ళు, చింతచిగురులో ఎండురొయ్యలు చేస్తుంది. తూర్పుగాలి తిరిగి కార్తీకం దగ్గర పడితే చీరమేను. చీర కొంగుల్లాంటి బట్టతో నీళ్ళలోంచి వడగట్టి పట్టే ఆ చిట్టి చేపపిల్లల్ని ఇక్కడ తూకానికి కాకుండా కొలతకి అమ్ముతారు. దొరికిన నాలుగు రోజులే దొరుకుతుంది.

మరి పులస? గోదావరికి ఎర్రనీరు వచ్చే జూలై, సెప్టెంబరు నెలల మధ్య సముద్రంలోంచి నదికి ఎదురీదే చేప అది. సముద్రంలో ఉన్నంతకాలం విలస, నది నీళ్ళు ఒంటికి పట్టాక పులస. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టినప్పటి నుంచీ ఎగువకి దాని దారి అక్కడితో సరి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత మనకు ఉండనే ఉంది. వెల కూడా ఆ సామెతకి తగ్గట్టే వేలల్లో పలుకుతుంది. ఎవరైనా ముందుగా చెప్పి డబ్బిస్తే అక్క వండి పెడుతుంది, బెండకాయలు వేసి, దించేముందు పైన ఆవకాయ నూనె తేల్చి. కానీ పులస గురించి గొప్పలు పోదు. నాకూ అదే న్యాయం అనిపిస్తుంది. పులసని దాని పేరే సగం వండేస్తుంది. చేతి పనితనం తెలియాలంటే గంపలో అడుగున పడి ఉండే కానాగంతని ఆమె ఏం చేస్తుందో చూడాలి.

కత్తిపీట

చేపలు కోసేది అక్క తోడికోడలు. పెరట్లో కుళాయి పక్కన కత్తిపీట మీద కాలు మోపి కూర్చుంటుంది. కూరగాయల కత్తిపీట కంటే ఇది బరువు, కత్తి వెడల్పు, వంపు ఎక్కువ. ఆమె పని ఎంతసేపు చూసినా నాకు విసుగు రాదు. పట్నంలో మాంసం కొట్టువాడు కత్తి ఎత్తి ముక్క మీద వేస్తాడు. ఇక్కడ కత్తి కదలదు. రెండు చేతులతో పట్టుకున్న చేపే కత్తి మీదికి వెళ్ళి వెనక్కి వస్తుంది. కదలని కత్తికి ఎదురుగా చెయ్యి ఎంత మేర కదలాలో ఆ చేతికే తెలియాలి. ఒక్క నూలు తేడా వస్తే తెగేది వేలు.

ముందు పొలుసు. తోక నుంచి తల వైపు, చేప ఒంటికి ఎదురుగా గీకుతుంది. తర్వాత రెక్కలు. ఆ తర్వాత పొట్ట. ఇక్కడ ఆమె చెయ్యి ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. లోపల పచ్చటి పిత్తం తిత్తి ఉంటుంది. అది చిట్లితే ఆ చేదు ఎన్ని నీళ్ళు పోసినా పోదు. పొట్ట తోలుని కత్తి మొనకి పైపైన ఆనించి, వేలితో లోపలిదంతా ఒకే ముద్దగా బయటికి లాగుతుంది. జన ఉంటే విడిగా గిన్నెలో పెడుతుంది. వెన్నెముక వెంబడి లోపల నల్లగా అంటుకుని ఉండే నెత్తుటి గీతని గోటితో గీకి తీసేస్తుంది. చాలా హోటళ్ళ చేపల్లో నీచు రావడానికి ఆ గీత వదిలేయడం ఒక కారణం. ఆపైన రాళ్ళుప్పు, పసుపు వేసి రుద్ది కడుగుడు. మూడు నీళ్ళు, అంతే. “ఎక్కువ కడిగితే చేప పోయి నీళ్ళు మిగులుతాయండి” అంటుంది.

ముక్క కొట్టడంలో అసలు తెలివి ఉంది. కోనాంకి నడుమ ఒకటే ముల్లు; చిన్న ముళ్ళు తక్కువ. దాన్ని అడ్డంగా, వేలి మందాన గుండ్రటి బిళ్ళలుగా కోస్తుంది. శీలావతి, బొచ్చె అలా కావు. వాటి వీపు కండలోనూ తోక దగ్గరా మొన చీలిన సన్నముళ్ళు కండలోనే పాతుకుని ఉంటాయి. పొట్టవైపు మాత్రం పక్కటెముకల్లా పొడుగాటి ముళ్ళు కంటికి కనబడేవే. అందుకని పెద్ద శీలావతిని ముందు నిలువునా చీల్చి పొట్ట ముక్కల్ని విడిగా పెడుతుంది. పిల్లల్ని తీసుకొచ్చినవాళ్ళకీ, పెద్ద వయసువాళ్ళకీ ఆ ముక్కలు. ముల్లు తీసుకోవడం వచ్చిన రేవు మనుషులకి వీపు ముక్కలు, తలకాయ. ఎవరి విస్తట్లో ఏ ముక్క పడాలో కత్తిపీట దగ్గరే సగం తేలిపోతుందన్నమాట. నా మొదటి రోజు పొట్ట ముక్క అదృష్టం కాదని, గోడ అవతలి నుంచి నన్నొకసారి చూసి పట్నం మనిషని పోల్చుకుని వేసిందని తర్వాత తెలిసింది.

దాక

ఇప్పుడు పులుసు. ముందు చేప ఒంటి సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేల మీద నడిచే జంతువు తన బరువు తానే మోయాలి కనుక దాని కండని గట్టి పొరలు, నరాలు బిగించి ఉంచుతాయి. చేప బరువుని నీళ్ళు మోస్తాయి. దాని కండ పొట్టి పొట్టి దొంతరలుగా ఉంటుంది. దొంతరకీ దొంతరకీ మధ్య ఉండేది పలచటి పొర. వేడి 60 డిగ్రీలకు చేరకముందే ఆ పొర కరిగిపోతుంది. మేకమాంసం అంతకంటే ఎక్కువ వేడిలో చాలాసేపు ఉడికితేగాని మెత్తబడదు. చేప నిమిషాల్లో మెత్తబడి, ఆ పట్టు కాస్తా పోయి, దొంతరలు ఒకదాని పక్కన ఒకటి ఊరికే ఆనుకుని ఉంటాయి. అప్పుడు గరిటె పెడితే కూర కాస్తా పచ్చడవుతుంది.

కాబట్టి కలపాల్సిందంతా చేప పడకముందే కలిపేయాలి. అక్క వంటంతా ఈ సూత్రం మీదే నడుస్తుంది. వెడల్పాటి మట్టి దాకలో నూనె కాగాక మెంతులు నాలుగు గింజలు, కరివేపాకు, చీరిన పచ్చిమిర్చి. తర్వాత రోట్లో కచ్చాపచ్చాగా నూరిన ఉల్లిపాయ. ఈ దశలో ఆమె గరిటె ఆగదు. అడుగు పట్టకుండా, పచ్చివాసన పోయి, నూనె పక్కలకి తేలేదాకా తిప్పుతూనే ఉంటుంది. అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, ఉప్పు. కారం మాడితే చేదు, ఉడక్కపోతే గొంతు పట్టేస్తుంది. అందుకని కారం పడ్డ మరుక్షణం చింతపండు పులుసులో కొంత పోస్తుంది. చింతపండు పాతదైతే రంగు నల్లన, పులుపు లోతు. కొత్తదైతే పులుపు ముందు నాలికని కొరికేస్తుంది. ఆమె రెండూ కలిపి నానబెడుతుంది.

మిగతా పులుసు పోసి మరగనిస్తుంది. రుచి చూడవలసింది ఇప్పుడే. ఉప్పు, కారం, పులుపు కొంచెం మిగులుగా ఉండాలి, ఎందుకంటే పడబోయే చేప అందులోంచి తన వాటా తీసుకుంటుంది. ఎంత మిగులన్నది చేపని బట్టి. మందపాటి పండుగప్ప ముక్క ఎక్కువ తాగుతుంది. పలచటి కానాగంత తక్కువ. అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకి, ఒక్కోరోజు చిటికెడు బెల్లం వేస్తుంది, ఒక్కోరోజు వెయ్యదు. ఈ పులుపు రుచికోసమే కాదు. చేప నీచుకి కారణమైన పదార్థం పులుపు తగిలితే గాలిలోకి లేవకుండా పులుసులోనే కట్టుబడిపోతుంది. చేపకి చింతపండో, మామిడికాయో, నిమ్మకాయో తోడు పెట్టిన మన పెద్దవాళ్ళకి ఈ శాస్త్రం పేరు తెలియకపోవచ్చు, ఫలితం మాత్రం బాగా తెలుసు.

ఇక ముక్కలు. ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని, తోలు కిందికి వచ్చేలా, ఒకదాని మీద ఒకటి పడకుండా పులుసులోకి జార్చుతుంది. దాక వెడల్పుగా ఎందుకుండాలో అప్పుడు తెలుస్తుంది. లోతు గిన్నె అయితే అడుగు ముక్క నలుగుతుంది, పై ముక్క ఉడకదు. ముక్కలు పడ్డాక గరిటె పక్కన పెట్టేసి మసిగుడ్డ అందుకుంటుంది. దాకని రెండువైపులా పట్టుకుని, పొయ్యి మీంచి కొద్దిగా లేపి, గుండ్రంగా ఒక్క ఊపు. పులుసు అంచుల దాకా వెళ్ళి ముక్కల మీదుగా వెనక్కి వస్తుంది. కొన్ని నిమిషాలకి ఇంకో ఊపు. దించేముందు మూడోది. అంతే కలపడం.

ఆ ఊపు చూసినప్పుడే నాకు పెరట్లోని కత్తిపీట గుర్తొచ్చింది. అక్కడ కత్తి కదలదు, చేప కదులుతుంది. ఇక్కడ గరిటె కదలదు, దాక కదులుతుంది. తోడికోడళ్ళిద్దరూ ఒకే విద్యని రెండు చోట్ల పండిస్తున్నారు.

పొద్దున తొమ్మిదిన్నరకల్లా పులుసు దించేస్తుంది. వడ్డన పన్నెండున్నరకి. మధ్యలో మూడు గంటలు దాక మూతతో ఊరికే ఉంటుంది. వేడివేడిగా పెట్టొచ్చు కదా అని కొత్తవాళ్ళు అడుగుతారు. నెల్లూరి వాళ్ళు మాత్రం అడగరు. మామిడికాయ వేసి రాత్రి వండిన పులుసుని మర్నాడు తినడమే వాళ్ళ పద్ధతి. వేడి తగ్గుతున్నకొద్దీ పులుపూ ఉప్పూ నెమ్మదిగా కండలోకి దిగుతాయి. తోలు నుంచి, ముళ్ళ నుంచి కరిగిన జిగురు పులుసుని చిక్కబరుస్తుంది. మెస్సులో మర్నాటిదాకా ఆగడం కుదరదు కనుక అక్క మూడు గంటలకి రాజీపడింది. ఆ మూడు గంటలూ ఆమె ఏమీ చెయ్యకపోవడం కూడా వంటలో భాగమే.

అన్ని చేపలకీ ఇదే సూత్రమా అంటే కాదు. తెలంగాణలో మృగశిర కార్తె నాడు ఎగబడి కొనే కొరమీను గాలి పీల్చి బతకగల చేప, బతికుండగానే అమ్ముతారు. కండ గట్టిది, ముళ్ళు తక్కువ. దానికి కాస్త గరిటె తగిలినా ఓర్చుకుంటుంది. అక్క ఒకసారి దాన్ని వండినప్పుడు రెండుసార్లు గరిటె తిప్పింది. “ఇది మొండిదండి, ఏం కాదు” అంది. నియమం తెలిసినవాళ్ళకే మినహాయింపు కూడా తెలుస్తుంది.

పెనం

వేపుడు పని అక్క మరిదిది. ఇనప పెనం, అంచులు ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. కోనాం బిళ్ళలకి ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి ఓ అరగంట పక్కన పెడతాడు. పెనం మీద వేసేముందు పైన ఊరిన నీటిని వేలితో దులిపేస్తాడు. తడి ఉంటే పెనం వేడి ఆ తడిని ఆర్చడానికే సరిపోతుంది, ముక్క వేగదు, ఉడుకుతుంది. బియ్యప్పిండి చిటికెడు చల్లుతాడు. ముక్క కనబడకుండా పిండి పూయడు.

ముక్క పెనం మీద పడ్డాక అతను చేతులు కట్టుకుంటాడు. కొత్తవాడెవడైనా అయితే వెంటనే అట్లకాడతో కదిపి చూస్తాడు. కదిపితే కింది తోలు పెనానికే ఉండిపోతుంది. పచ్చి చేప వేడి లోహానికి అతుక్కుంటుంది. కింది వైపు గట్టిపడి పెచ్చు కట్టాక తనంతట తానే వదులుతుంది. ఆ వదిలే క్షణం చప్పుడులో తెలుస్తుందంటాడు. మొదట చిటపటలు పెద్దవిగా, దూరదూరంగా. తేమ పోయాక సన్నగా, దగ్గరగా. నాకు మూడేళ్ళు పట్టింది ఆ తేడా వినడానికి. అప్పుడు అట్లకాడ కిందికి దూర్చి ఒక్కటే తిప్పు. రెండోసారి తిప్పడం ఉండదు.

కానాగంత సంగతి ఇక్కడ చెబుతాను. నూనె ఎక్కువున్న చేప. దీని వాసన గట్టిది. పెద్ద రెస్టారెంట్లు దీన్ని బల్ల మీదికి రానివ్వవు. చేప మొత్తంగానే ఉంచి, ఒంటికి రెండువైపులా ఏటవాలుగా మూడేసి గాట్లు పెడతాడు. గాటు ముల్లు తగిలేదాకా వెళ్ళాలి, ముల్లు దాటకూడదు. మసాలా ఆ గాట్లలో కూరుతాడు. నూనె దాదాపు వెయ్యడు. చేపలోని కొవ్వే కరిగి బయటికొచ్చి దానిలోనే అది వేగుతుంది. తోలు కరకర, లోపల తడి. కోనాం బిళ్ళ వెలలో పావు వంతు కూడా ఉండదు. ఆ మెస్సులో ఏది తినమంటారని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఇదే.

రొయ్యలదీ పీతలదీ వేరే లెక్క. రొయ్య పొయ్యి మీద పడగానే నీరు వదులుతుంది. ఆ నీరు ఇగిరేదాకా రొయ్యని అందులోనే ఉంచితే రబ్బరవుతుంది. అక్క ఏం చేస్తుందంటే, రొయ్య ఎర్రబడి సగం వంగగానే బయటికి తీసేస్తుంది. నీటిని ఉల్లిపాయ మసాలాతో కలిపి ఇగరబెట్టి, చివర్లో రొయ్యని మళ్ళీ అందులో దొర్లిస్తుంది. వంపు చూసి ఉడుకు చెప్పొచ్చు. కొడవలిలా వంగితే సరి. తోక వచ్చి తలని ముట్టుకుని సున్నా చుట్టితే మించిపోయినట్టు. మండపీతల డెక్కల్ని వండేముందు పచ్చడి బండతో ఒక్కొక్క దెబ్బ వేస్తుంది. గుల్ల పగలాలి, కండ నలగకూడదు. రెండో దెబ్బ వేస్తే గుల్ల పెంకులు కూరలో కలిసి పళ్ళకి తగులుతాయి.

విస్తరి

వడ్డన చేసే కుర్రాడికి పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. దాకలోంచి ముక్క తియ్యడానికి అతని చేతిలో కూడా గరిటె ఉండదు. అట్లకాడ ఉంటుంది. ముక్క కిందికి అడుగునించి జార్చి, పులుసు కారనిచ్చి, విస్తట్లో అన్నం పక్కన ఆనిస్తాడు, పైనుంచి పడెయ్యడు. పులుసు మాత్రం చిన్న గరిటెతో అన్నం నడుమ గుంట చేసి పోస్తాడు. భోజనంలో పులుసు ఎంతైనా ఉచితం. ముక్కకి విడిగా డబ్బు. డబ్బు తక్కువున్న కూలీలు ముక్క తీసుకోకుండా పులుసుతోనే రెండుసార్లు అన్నం పెట్టించుకుని తింటారు. వాళ్ళ పులుసూ అదే దాకలోది. అది పలచన చేసిన వేరే పులుసు కాకపోవడం ఆ మెస్సు గౌరవం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సాంబారు నీళ్ళలా ఉంటుంది. దాన్ని వాళ్ళు మనసుపెట్టి చెయ్యరు. ఆదివారాలు రద్దీలో బల్ల తుడవడం అరకొర. చేపలు తినని స్నేహితుణ్ణి తీసుకెళ్తే పప్పు, అప్పడం, పెరుగుతో సరిపెట్టుకోవాలి, పైగా అతని మీద జాలిచూపులు. ఒకటి రెండుసార్లు నాకు ఉప్పు ఎక్కువైన పులుసూ తగిలింది. చెబితే అక్క ఒప్పుకుంది: “అవునండి, పొద్దున్న చెయ్యి జారింది.”

ఈ మధ్య హైవే పక్కన ఒక పెద్ద రెస్టారెంటులో తిన్నాను. చల్లటి గది, మెత్తటి కుర్చీలు, మెనూలో నలభై రకాల చేపలు. వరదలు లేని నెలలో పులస ఉందన్నారు. తెచ్చిన వేపుడు ఎర్రరంగు వేళ్ళకి అంటుకుని రెండు రోజులు పోలేదు. పులుసులో జీడిపప్పు ముద్ద, మీగడ. ముక్క కోసం గరిటెతో గాలించాలి. అడుగున ముళ్ళూ పొడీ తగిలాయి. చేపకి అక్కడ చెయ్యాల్సిన దానికంటే ఎక్కువ చేశారు. వాళ్ళు వంట రానివాళ్ళనను. చెయ్యి ఆపుకోవడం ఎవరూ వాళ్ళకి నేర్పలేదు, అంతే. ఆ వంటకి మెచ్చుకోలు రావాలంటే ఏదో ఒకటి కనబడేలా చెయ్యాలి కదా. అక్క వంటలో కనబడేది ఏమీ ఉండదు. విరగని ముక్క ఒక్కటే ఉంటుంది.

మీ ఊళ్ళోనూ ఇలాంటి మెస్సు ఒకటి ఉండే ఉంటుంది. మైపాడు దారిలోనో, భీమవరం బస్టాండు వెనకో, విశాఖ ఫిషింగ్ హార్బరు పక్క సందులోనో. పోల్చుకోవడానికి రెండు గుర్తులు చెబుతాను. “ఏముంది?” అని అడిగితే, “ఇవాళ ఇది లేదండి” అన్న మాట ఒక్కటైనా జవాబులో రావాలి. అన్నీ ఉన్నాయంటే లేచి వచ్చేయండి. ఉండిపోతే, ముక్క తెచ్చే మనిషి చేతిలో ఏముందో చూడండి. వెళ్ళేది ఒంటిగంట లోపే వెళ్ళండి. మా కాకినాడ మెస్సులో అయితే రెండు దాటాక దాకలో అడుగున మెంతిగింజలు నాలుగు మిగులుతాయి, అంతే.